మా ఆయన చెప్పిన రెండు సాక్ష్యాలు

మా వాళ్ళంతా నన్ను అనుమానం మనిషి అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. పాలవాడు నీళ్ళు కలపలేదని ఒట్టు పెడితే ఆ రోజు చెంబులోకి ఇంకా పరీక్షగా చూసేదాన్ని. పెళ్ళయిన కొత్తలో మా ఆయన చొక్కాలు నానబెట్టే ముందు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేదాన్ని. దానికి కారణం ఉంది. మా నాన్న తాగేవాడు. తెనాలిలో ఆ ఇంట్లో మా అమ్మ ఎలా నెగ్గుకొచ్చిందో చూసిన దాన్ని కాబట్టి, ఎవరినైనా చేసుకుంటాను గాని తాగేవాణ్ణి మాత్రం చేసుకోనని మొండికేశాను. టీచర్ ట్రైనింగు అయ్యాక సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కాబట్టి మా వైపు నుంచి టీచర్లు, గుమస్తాలు చాలామంది ఇక్కడికే వచ్చేవాళ్ళు. సంబంధం కూడా చర్చి వాళ్ళే చూశారు. లాలాగూడ అబ్బాయి, రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయిన ఆయన కొడుకు, వ్యాను డ్రైవరు.

పెళ్ళిచూపులకు వచ్చిన రోజు అందరి ముందే అడిగేశాను, మీరు తాగుతారా అని. మా మేనత్త నన్ను గిల్లింది. ఆయన మాత్రం నవ్వలేదు, నొచ్చుకోలేదు.

"లేదండి, అలవాటు లేదు. గానీ ఇంకో మాట ఉంది. నా మీద ఒక కేసయింది. కోర్టుల శిక్ష సుత పడ్డది. తర్వాత ఎవరన్న చెప్తే మీకు తక్లీఫ్ అయితది, గందుకే ముందే చెప్తున్న," అన్నాడు.

కేసు ఇది. అప్పట్లో ఆయన ఒక బేకరీకి వ్యాను నడిపేవాడు. పొద్దున్నే బ్రెడ్డూ బన్నులూ దుకాణాలకు వేస్తూ పోతుంటే, తిరుమలగిరి దాటాక పక్క సందులోంచి వచ్చిన సైకిలును చూసుకోలేదు. సైకిలు మీది మనిషికి కాలు విరిగింది. అతన్ని ఈయనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఈయనే స్టేషనుకు వెళ్ళాడు. బేకరీ యజమాని పెట్టిన వకీలు, ఒప్పేసుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది, కాదంటే ఏళ్ళ తరబడి తిరగాలి అన్నాడట. ఒప్పుకున్నాడు. జడ్జిగారు జరిమానా వేసి, కోర్టు లేచేదాకా శిక్ష అన్నారు. అంటే ఆ రోజు జడ్జిగారు కుర్చీలోంచి లేచి వెళ్ళేదాకా హాల్లో వెనక బల్ల మీద కదలకుండా కూర్చోవాలి. సాయంత్రం దాకా కూర్చుని ఇంటికొచ్చాడు. జైలు గడప తొక్కలేదు.

అడగకుండానే తన తప్పు చెప్పాడే అని నాకు ఆయన నచ్చాడు. చేసుకున్నాను. చొక్కాల వాసన చూడడం కూడా కొన్నాళ్ళకు మానేశాను.

మళ్ళీ మొదలుపెట్టించింది మా చర్చే.

మా సంఘంలో వేసవి సెలవుల్లో ఉజ్జీవ కూటాలు పెట్టేవాళ్ళు. షామియానా కింద ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్ళం. వాక్యం, అంటే ప్రసంగం, అయ్యాక సాక్ష్యాలు. ఒక్కొక్కరూ లేచి మైకు పట్టుకుని, దేవుడు తమను ఎలాంటి స్థితిలోంచి లేపాడో చెప్పాలి. ఎంత లోతు గోతిలోంచి లేపితే అంత గట్టిగా హల్లెలూయా. చిన్నప్పటి నుంచి ఈ సాక్ష్యాలు వింటూ పెరిగిన దాన్ని. పక్కింటి జామకాయ కోసుకున్నవాడు మైకు పట్టుకునేసరికి గజదొంగ అయిపోవడం నాకు తెలుసు. అక్కడ ఎవరూ దాన్ని అబద్ధం అనుకోరు. అది మా వాళ్ళ పద్ధతి.

ఆ సాయంత్రం మా ఆయన కంటే ముందు లేచినాయన ఒకప్పుడు తాను రౌడీనని, కత్తి లేకుండా ఇల్లు కదిలేవాణ్ణి కాదని చెప్పాడు. షామియానా ఎగిరిపోయేలా హల్లెలూయా అన్నారు. ఆ వేడిలో మైకు మా ఆయన చేతికి వచ్చింది. ఆయన ఎప్పుడూ లేచి మాట్లాడిన మనిషి కాదు. మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను తాగి బండి నడిపిన పాపిని. ఒక మనిషిని రోడ్డు మీద పడగొట్టిన. జైలుకు పోయిన. యేసయ్య నన్ను లేపిండు," అన్నాడు.

అందరూ హల్లెలూయా అన్నారు. నేను అనలేదు. నా పక్కనున్నావిడ నా చెయ్యి నొక్కి, ఎంత గొప్ప సాక్ష్యమమ్మా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి రాగానే నిలదీశాను. ఆయన తల గోక్కున్నాడు.

"తాగలే. నీకు చెప్పిన గదా, తాగలే. గాయన కత్తులు, నెత్తురు అని అంత పెద్దగ చెప్పినంక నేను లేచి సైకిల్‌కు తాకిచ్చిన అంటే ఏముంటది చెప్పు? నోట్లకెల్లి వచ్చేసింది."

మామూలు మనిషైతే నవ్వి ఊరుకునేది. నేను ఊరుకోలేదు. నోట్లోంచి ఊరికే ఎందుకు వస్తుంది? లోపల ఉంటేనే కదా వచ్చేది. పెళ్ళిచూపుల్లో నా ముందు తాగలేదన్నాడు, దేవుడి ముందు తాగానన్నాడు. ఇద్దరిలో ఎవరికి భయపడి నిజం చెప్పినట్టు? పొద్దునపూట ప్రమాదం కదా, పొద్దున్నే ఎవరు తాగుతారు అని ఒక మనసు అనేది. రాత్రి తాగింది పొద్దుటికి దిగదు, మీ నాన్నను చూడలేదా అని ఇంకో మనసు అనేది. మళ్ళీ చొక్కాలు వాసన చూడడం మొదలుపెట్టాను. ఏ వాసనా లేని చొక్కా చూసి, సబ్బు వాసన కూడా లేదేమిటని అనుమానపడిన రోజులున్నాయి.

మా బడి బస్సు నడిపే ముసలాయన మానేసినప్పుడు ఇదంతా పైకి తేలింది. మా ఆయనకు అంతవరకు స్థిరమైన పని లేదు. బేకరీ వాళ్ళు కేసు తర్వాత తీసేశారు. ఎవరి డ్రైవరు సెలవు పెడితే వాళ్ళ బండి నడిపేవాడు. పెళ్ళిళ్ళ సీజనులో పని, తర్వాత ఇంట్లో కూర్చోవడం. బడి ఉద్యోగం వస్తే నెల జీతం, కాంపౌండులోనే రెండు గదుల ఇల్లు. ఆయన కోసమే ఆ ఉద్యోగం ఖాళీ అయిందనిపించింది. చర్చిలో వయసులో చిన్నవాళ్ళు కూడా ఆయన్ను "ఏం, పనేమన్న దొరికిందా" అని పలకరిస్తుంటే నేను వినబడనట్టు ముందుకు నడిచేదాన్ని.

మా బావగారు, అంటే ఆయన అన్న, ముందే హెచ్చరించాడు.

"కేసు ముచ్చట తియ్యకు తమ్మీ. ఎవలడుగుతరు? అడిగినా లేదను. అందరు గట్లనే అంటరు."

నేను వంటింట్లోంచే కేకేశాను. "అదేం కుదరదు. నేను పనిచేసే బడి అది. రేపు ఎవరి నోటనో బయటపడితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? అడిగినా అడక్కపోయినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

చెప్పమన్నది నేనే. చెప్పాక నమ్మనిదీ నేనే. అది తర్వాతి మాట.

గురువారం ఆయన్ను ఆఫీసు గదికి పిలిచారు. లోపల మా హెడ్మిస్ట్రెస్ మేడమ్, స్కూలు కమిటీలో ఉన్న మా సంఘ పెద్ద. నేను అవతలి గదిలో రెండో తరగతికి ఎక్కాలు చెప్పిస్తున్నాను. పిల్లలు తప్పు చెబుతున్నా దిద్దలేదు. కాసేపటికి ఆయన బయటికి వచ్చి, నా గది వైపు చూడకుండానే గేటు దాటి వెళ్ళిపోయాడు. బడి వదిలాక మేడమ్ నన్ను పిలిపించారు.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. మాది కృష్ణ ఇవతలైతే ఆవిడది అవతల, బెజవాడ. కానీ పిల్లల విషయంలో ఎవరినీ నమ్మేది కాదు. ఆ సంగతిలో మేమిద్దరం ఒకటే.

"చూడమ్మా, మీ ఆయన అడగ్గానే కేసు సంగతి చెప్పాడు. బాగానే ఉంది. తాగలేదన్నాడు, కోర్టు హాల్లో కూర్చోబెట్టారు తప్ప జైలుకు పంపలేదన్నాడు. మన పెద్దగారేమో కూటంలో తన చెవులతో విన్నానంటున్నారు, తాగి నడిపాను, జైలుకు వెళ్ళానని మైకులో చెప్పాడట. ఏది నిజం?"

సంఘ పెద్ద రైల్వేలో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయినాయన. పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పాడంటారా, ఉద్యోగం కోసం ఇక్కడ చెప్పాడంటారా? ఎవరికైనా ఏమనిపిస్తుందమ్మా? తాగి మారాడంటే నేను సంతోషిస్తాను. దాస్తున్నాడనేదే నా బాధ," అన్నాడు.

నిజం చిన్నది, అబద్ధం పెద్దది. పెద్దది ముందు చెప్పాడు కాబట్టి, ఇప్పుడు చిన్నది చెబితే దాచినట్టయింది. పెద్దదే నిజమంటే పిల్లల బస్సు ఇవ్వరు. చిన్నదే నిజమంటే చర్చిలో అబద్ధమాడినవాడు అవుతాడు.

"నువ్వు ఆయన భార్యవి. నీకు తెలియకుండా ఉంటుందా? నువ్వు తాగలేదని చెప్పు, నీ మాట మీద ఉద్యోగం ఇచ్చేస్తాను," అన్నారు మేడమ్.

ఒక్క మాట చాలు. ఆ గదిలో ఇంకే భార్య ఉన్నా చెప్పేది. నేను, "నాకు తెలియదు మేడమ్. ఆ రోజుకు మాకు పెళ్ళి కాలేదు," అన్నాను.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీకే నమ్మకం లేకపోతే నేనెలా నమ్మనమ్మా? సోమవారం దాకా చూస్తాను," అన్నారు.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పాను. దాచడం నాకు రాదు.

"నాకు తెల్వదు అన్నవా?" అన్నాడు.

"అవును. తెలియనిది తెలుసని ఎలా చెప్పను? ఆ వ్యానులో నేను లేను కదా."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకూ బాగుండేది. అన్నం తిని, కంచం తనే కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు. మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్ళొస్తానని పొద్దున్నే బయల్దేరాడు. తిరిగొచ్చినప్పుడు చూశాను, చేతులకు గ్రీజు మరక ఒక్కటి లేదు, చెప్పులకు మాత్రం ఎర్రమట్టి ఉంది. లాలాగూడలో ఏ మెకానిక్ దగ్గరా ఎర్రమట్టి లేదు. ఎక్కడికి వెళ్ళాడో అడగలేదు. అడిగితే ఇంకో మాట చెబుతాడు, దాన్ని కూడా తూకం వెయ్యాలి. నాకు ఓపిక లేకపోయింది.

శనివారం ఒంటిపూట బడి. మోండా మార్కెట్‌కు వెళ్ళి కూరలు తెస్తానని చెప్పి సంచి పట్టుకుని బయటపడ్డాను. మార్కెట్‌కు పోలేదు. యాప్రాల్ బస్సెక్కాను. కాలు విరిగిన మనిషి అక్కడ కిరాణం డబ్బా, అదే చిన్న కొట్టు, పెట్టుకున్నాడని మా ఆయనే ఒకసారి అన్నాడు. అప్పుడు యాప్రాల్ అంటే రాళ్ళగుట్టలు, ఖాళీ ప్లాట్లు, అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు. బస్సు దిగి చూస్తే రోడ్డంతా ఎర్రమట్టి. నాకు అప్పుడే అర్థమైంది. చెప్పులు చూసుకుంటూ నడిచాను.

డబ్బాలో నలభై దాటిన మనిషి ఉల్లిగడ్డల మూట విప్పుతున్నాడు. ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు. నేను నోరు తెరవకముందే, "లాలాగూడ డ్రైవర్ ఇంటామెవు గదా? కూసో అమ్మా," అని స్టూలు జరిపాడు.

"మీకెలా తెలుసు?"

"నిన్న మీ ఆయన వచ్చిపోయిండు. ఇయ్యాలనో రేపో మా ఇంటామె వస్తది, కోపంగనే వస్తది, జెర కూసోపెట్టి మాట్లాడు అన్నడు."

నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. అంటే ముందే వచ్చి అంతా నూరిపోసి వెళ్ళాడన్నమాట. స్టూలు మీద కూర్చోలేదు.

"ఏం చెప్పమన్నాడు?"

"ఉన్నదే చెప్పమన్నడు."

"ఏమిచ్చాడు?"

అతని ముఖం మాడిపోయింది. "ఏమిచ్చుడేందమ్మా? ఛాయ్ సుత నేనే తాపిన."

"అయితే చెప్పండి. ఆ రోజు ఆయన తాగి ఉన్నాడా?"

"లేదమ్మా. వ్యాన్ల జాగ లేదని నన్ను సంకల ఎత్తుకొని ఆటో దాక ఉరికిండు. ఆయన మొఖం నా మొఖం మీదనే ఉండె. యేసయ్యా యేసయ్యా అనుకుంట ఏడ్సిండు. తాగితే నాకు వాసన రాదా?"

నేర్పిన మాటలు ఇలాగే ఉంటాయి అనుకున్నాను. నా ముఖం చూసి అతనికి ఏమనిపించిందో, ఉల్లిగడ్డలు ఏరుకుంటూ తనలో తను నవ్వుకున్నాడు.

"ఒక మాట చెప్తే నవ్వుతవ్. ఆయన అంగి అంత బన్ను వాసన. తెల్లారగట్ల గవే బన్నులు మోసిండు గదా. నేను ఏం తినకుంట పనికి బయల్దేరిన. కాలు ఇరిగి పాణం పోతుంటే సుత ఆ వాసనకు నాకు ఆకలయింది. దవాఖానల మొదలు అడిగింది నేను గదే, తిననీకి ఏమన్న ఉందా అని. మా ఇంటామె ఇప్పటికి నవ్వుతది నన్ను."

నేను స్టూలు మీద కూర్చున్నాను. తాగలేదని చెప్పమని ఎవరైనా నేర్పగలరు. కాలు విరిగిన మనిషికి ఆకలేసిందని చెప్పమని ఎవరూ నేర్పరు. మా ఆయనకు అంత తెలివి అసలే లేదు. మనసులో ఇన్నాళ్ళూ మెలిపడి ఉన్నదేదో ఒక్కసారి సడలింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఈ మాట బడి వాళ్ళకు చెప్పగలరా? ఆయన ఉద్యోగం దీని మీదే ఉంది," అన్నాను.

"ఏ బడి?"

"నిన్న వచ్చింది అందుకే కదా?"

"నౌకరి ముచ్చటేం తియ్యలేదమ్మా. మా ఇంటామె నమ్ముతలేదు, నువ్వన్న చెప్పు అన్నడు. గంతే."

తిరుగు బస్సులో ఆ మాటే వినిపిస్తూ ఉంది. సంచి ఖాళీగా తీసుకుపోతే అడుగుతాడని మోండా మార్కెట్‌లో దిగి చేతికందిన చిక్కుళ్ళు వేయించుకున్నాను. సగం పుచ్చువి. ఇంట్లో ఆయన నా చెప్పుల వైపు చూశాడు. చిక్కుళ్ళ సంచి అందుకుని లోపల పెట్టాడు. వెళ్ళి నమ్మివచ్చాను అని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆదివారం ఆరాధనలో ప్రకటనలు అయిపోయాక మా ఆయన లేచాడు. పాస్టరు అయ్యగారు సాక్ష్యమనుకుని మైకు ఇప్పించారు. ఆయన తీసుకోలేదు.

"కూటంల తాగి నడిపిన, జైలుకు పోయిన అని చెప్పిన. అది అబద్ధం. తాగలే. జైలుకు పోలే. సైకిల్ చూసుకోలే, గది నా తప్పు. అబద్ధం చెప్పింది ఇంకో తప్పు," అని నిలబడ్డాడు.

ఎవరూ హల్లెలూయా అనలేదు. రౌడీనని సాక్ష్యమిచ్చినాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకు తెలిసి ఆ నిమిషంలో చాలామంది తాము చెప్పుకున్న సాక్ష్యాలు లోలోపల తిరగేసుకుంటున్నారు. సంఘ పెద్ద మాత్రం తల అడ్డంగా ఊపుతూ, "నౌకరీ కోసం సాక్ష్యాన్నే కాదనుకున్నాడు," అన్నాడు, అందరికీ వినబడేలా.

నేను లేచాను. ఆడవాళ్ళ వైపు నుంచి మధ్యలో లేవడం మా చర్చిలో లేదు. "నౌకరీ కోసం కాదండి. ఆయన చెప్పింది నిజం. నేను యాప్రాల్ వెళ్ళి, దెబ్బ తగిలినాయన్నే అడిగి వచ్చాను. తాగలేదు," అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది.

మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అయ్యగారు గబగబా ముగింపు పాట ఎత్తుకున్నారు.

ఆరాధనకు వచ్చిన మేడమ్ బయట గేటు దగ్గర ఆగారు. "గురువారం తెలియదన్నావు," అన్నారు.

"ఇప్పుడు తెలుసు మేడమ్."

ఆవిడ నన్ను చూశారు, ఆయన్ను చూశారు. "రేపు వచ్చి బస్సు తాళాలు తీసుకోమను," అని వెళ్ళిపోయారు. సంఘ పెద్ద మాతో చెయ్యి కలపకుండానే స్కూటరెక్కాడు. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు, అంత సంతోషంగా ఉంది.

ఇంటిదారి పట్టాం. నేను ఆగకుండా మాట్లాడుతున్నాను. కాంపౌండు ఇంట్లో ఏ గది వంటకు బాగుంటుంది, వాళ్ళన్నకు ఎప్పుడు చెప్పాలి, అయ్యగారి ముఖం ఎలా ఉంది. ఆయన పక్కన నడుస్తున్నాడు. ఊఁ కూడా అనడం లేదు.

"ఏంటి, ఉద్యోగం వచ్చిందని సంతోషం లేదా?" అన్నాను.

"ఎందుకు లేదు? ఉంది." ఇంకొంచెం దూరం నడిచాక అన్నాడు, "యాప్రాలాయన ఒక్కపారి చెప్తే నమ్మినవ్. నేను పెండ్లి గాకముందుకెల్లి చెప్తున్న."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నా దగ్గర జవాబులు బోలెడున్నాయి. ఎదురుగా లారీ వస్తుంటే నన్ను రోడ్డు అంచుకు జరిపి, తను బండ్లు వచ్చే వైపుకు వచ్చి నడిచాడు.